పంతులుగారికి ఉద్దానం వినిపించాలి

రిటైరయి పన్నెండేళ్లయింది. అయినా ఆగస్టు 29 వచ్చిందంటే హైస్కూలువాళ్లు నన్ను మర్చిపోరు. గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారి పటానికి దండ వేయించి, పిల్లలకి నాలుగు మాటలు చెప్పమంటారు. కిందటేడు అలా చెప్పి కూర్చున్నాను. ఎనిమిదో తరగతి గుంట ఒకతి లేచి, "మేష్టారూ, ఆయన ఇప్పుడు మనూరొస్తే మీరేటి సూపిస్తారు?" అని అడిగింది. సెల్‌ఫోను చూపిస్తాననీ, నాలుగు వరసల హైవే మీద తిప్పుతాననీ ఏదో చెప్పాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఇంటికొచ్చి పడుకున్నాక ఆ జవాబు నాకే రుచించలేదు. ఆయన రోడ్లు చూడ్డానికి వచ్చే మనిషి కాదు. మనుషులు ఏం మాట్లాడుకుంటున్నారో వినడానికి వచ్చే మనిషి. ఆ గుంటకి సరైన జవాబు బాకీ పడ్డాను. ఇప్పుడది రాస్తున్నాను.

ముందు చెయ్యవలసిన పని ఒకటుంది. పంతులుగారికి చెవులు వినపడవు. పర్లాకిమిడి నుంచి సవర కొండల్లోకి తిరిగీ తిరిగీ మన్యం జ్వరం తెచ్చుకున్నారు. దానికి వాడిన క్వినైను వినికిడిని తినేసింది. జనం నోటి మాటే అసలు భాష అని జీవితమంతా వాదించిన మనిషికి ఆ మాట వినే చెవులే పోయాయి. ఈ సంగతి తరగతిలో చెప్పిన ప్రతిసారీ నా గొంతు పట్టేసేది. నాకూ ఐదేళ్లుగా చెవి మిషను ఉంది. అది తీసి ఆయన చెవికి పెడతాను. ఈ కాలం వస్తువుల్లో ఆయనకి నేను మొదట చూపించేది అదే. నాకు వినపడకపోయినా పరవాలేదు, మా ఊళ్ల మాటలు నాకు తెలిసినవే.

తిప్పడం నౌపడా స్టేషన్ నుంచి మొదలుపెడతాను. మద్రాసు, హౌరా లైను మీద నౌపడా చిన్న జంక్షను. పర్లాకిమిడి రాజావారు ఏడు లక్షల రూపాయల ఖర్చుతో తమ ఊరికి వేయించుకున్న చిన్న రైలు ఇక్కడినుంచే బయల్దేరేది. 1900 ఏప్రిల్ 1న మొదలైంది. పట్టాల మధ్య రెండున్నర అడుగులే ఎడం. నౌపడా, టెక్కలి, పెద్దసాన, టెంబూరు, పాతపట్నం, ఆపైన పర్లాకిమిడి. తరవాతి కాలంలో దాన్ని గుణుపూరుదాకా పొడిగించారు. ఆ రైలు పడేనాటికి పంతులుగారు పర్లాకిమిడిలో పంతులుగా చేరి ఇరవై ఏళ్లు. పదిహేడో ఏటికే 1880లో అక్కడ ఉద్యోగంలో చేరారు కదా. సంస్థానంలో రైలు కూత మొదటిసారి విన్నవాళ్లలో ఆయనొకరు. అప్పటికి ఆ చెవులు ఎంత బాగున్నాయో మరి.

చిన్నప్పుడు పర్లాకిమిడిలో మా పెద్దత్త ఇంటికి నేనూ ఆ రైల్లోనే వెళ్లేవాణ్ణి. ఎగువ వచ్చినచోట మగపిల్లలం దిగి, పక్కన నడిచి, మళ్లీ ఎక్కేవాళ్లం. బొగ్గు నుసి కళ్లలో పడేది. పెట్టెలో ఒక బల్ల మీద తెలుగు, దాని ఎదర బల్ల మీద ఒడియా, కింద బుట్టల పక్కన కూచున్న సవరల మాట ఇంకోటి. ఎవరి మాట వాళ్లదే అయినా అందరికీ అన్నీ ఎంతో కొంత తెలిసేవి. 2004లో ఆ రైలు ఆపేసి పెద్ద లైను వేశారు. ఇప్పుడు విశాఖపట్నం నుంచి గుణుపూరు రైలు సరాసరి వెళ్తుంది. మనుషులు మాత్రం అదే మూడు మాటల వాళ్లు.

నౌపడా ఉప్పు మడుల పక్కనుంచి పోతూ ఆయన బతుకులోని పెద్ద గాయం గురించి అడగాలా, వద్దా అని తటపటాయిస్తాను. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. పర్లాకిమిడి అటు పోయింది. టెక్కలి, సోంపేట, ఇచ్ఛాపురం ఇటు మద్రాసులో మిగిలాయి. అంతకు ముందు మనమంతా గంజాం జిల్లా. శ్రీకాకుళం జిల్లా అనేది 1950లో పుట్టింది. యాభై ఆరేళ్లు బతికిన ఊరు తెలుగు కాకుండా పోయిందని పంతులుగారు ఆ రోజే పర్లాకిమిడి విడిచి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. అప్పుడాయనకి డెబ్భై మూడో ఏడు. సామాను ఈ నౌపడాలోనే పెద్ద రైలుకి మార్చుకుని ఉంటారని నా ఊహ. అందుకే ఈ ప్లాట్‌ఫారం మీద ఆయన్ని ఎక్కువసేపు నిలబెట్టను.

టెక్కలి వెళ్లే దారిలో రావివలస ఎండల మల్లన్నకి దణ్ణం పెట్టిస్తాను. పైకప్పు లేని దేవుడు. ఎండా వానా నెత్తినే పడాలి. అక్కడినుంచి టెక్కలి బజారు. కొండల మీంచి దిగొచ్చిన సవర ఆడవాళ్లు చింతపండూ కొండచీపుళ్లూ పెట్టుకుని కూచుంటారు. అక్కడ నేను నోరు మూసుకుంటాను. ఆ చోట ఆయనే నాకు పంతులు.

తెలుగూ సవరా రెండూ వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని, ఒక్కో మాటా అడిగి రాసుకుని సవర నేర్చుకున్నారాయన. సవర పిల్లలకి బడి పెట్టి, తన ఇంట్లోనే తిండి పెట్టి చదువు చెప్పించారు. 1911లో మద్రాసు ప్రభుత్వం ఆయన కృషికి డబ్బు ఇవ్వబోతే, ఆ డబ్బుతో సవరలకి మరో బడి పెట్టండి అన్నారు. 1931లో సవర భాషకి ఇంగ్లీషులో వ్యాకరణం వచ్చింది, తరవాత నిఘంటువులూ వచ్చాయి. సవరలో నీళ్లని 'డాఅ' అంటారు. ఆ మాట మధ్యలో గొంతు ఒక్క క్షణం మూసుకుని తెరుచుకుంటుంది. పైపైన విన్నవాడికి ఆ చిన్న ఆగడం వినపడదు. దాన్ని విని, పట్టుకుని, కాగితం మీద గుర్తు పెట్టిన మనిషాయన. నీలు, పాణి, డాఅ. టెక్కలి బజారులో ఎవరికైనా దాహం వేస్తే ఈ మూడింట్లో ఏ మాటతో అడిగినా చెంబు అందుతుంది.

ఇక్కడ జేబులోంచి నా ఫోను తీస్తాను. ఆయన పర్లాకిమిడి వదిలిన ఏడే, 1936 జూన్ 18న, గుణుపూరు దగ్గర మరిచిగూడలో మంగెయి గొమాంగో అనే సవర పెద్ద తన భాషకి లిపి తయారు చేశాడు. సొరాంగ్ సొంపెంగ్ అంటారు. 24 అక్షరాలు, ఒక్కో అక్షరం ఒక్కో దేవత పేరు మీద. పంతులుగారు ఊరు విడిచిన రెండున్నర నెలలకి ఇది జరిగింది. ఆ అక్షరాలు 2012 నుంచి కంప్యూటర్లూ ఫోన్లూ వాడుకునే యూనికోడ్‌లో ఉన్నాయి. ఫోను తెర మీద వాటిని పెద్దవి చేసి చూపిస్తాను. ఆయన కళ్లద్దాలు సవరించుకుని, ముందు ఆ ఆగడానికి గుర్తు ఉందా అని వెతుకుతారు. నాకు అంత నమ్మకం.

పలాస వెళ్లేసరికి మధ్యాహ్నమవుతుంది. కాశీబుగ్గలో దిగగానే జీడి వాసన. కాల్చిన పొట్టు పొగ వాసన అది, బయటివాళ్లకి ఘాటు, మాకు ఇంటి వాసన. చుట్టుపక్కల ఊళ్లలో వందల కొద్దీ జీడి పరిశ్రమలు. పంతులుగారి కాలంలో జీడిమామిడి తోటల్లో, ఇసక దిబ్బల మీద ఉండేదేగాని ఈ ఊరంతా దాని మీద బతికేది కాదు. ఒక షెడ్డులోకి తీసుకెళ్తాను. వేరుశెనగకీ చింతకీ వాడే మాటే ఇక్కడ జీడిగింజకీ వాడతారు: పిక్క. పిక్కల్ని ఆవిరిలో ఉడకబెడతారు, ఆరబెడతారు, కోస్తారు. లోపలి పప్పుని వేడిలో ఆరబెట్టి పైపొర ఒలుస్తారు. ఆపైన గుండు వేరు, బద్ద వేరు, ముక్క వేరు. గుండ్లలో మళ్లీ 240, 320 అని రకాలు, పౌనుకి ఎన్ని గుండ్లు తూగితే ఆ అంకె. పిక్క తొక్కలోని నూనె తగిలితే చర్మం కాలుతుంది. కోత పని చేసే ఆడవాళ్ల వేళ్లు చూడండి, నల్లబడి ఉంటాయి. మా పిన్నమ్మ ముప్పై ఏళ్లు ఈ పని చేసింది. పెళ్లిళ్లకి వెళ్తే చేతులు కొంగు కింద పెట్టుకునేది.

ఆ షెడ్డులో ఆయన చెవిన పడే మాటల్లో సగం ఇంగ్లీషు. "బాయిలింగయిపోనాది, కటింగుకి ఎయ్యండి." "ఆ అప్ప పీలింగులో ఉంది." పంతులుగారు దీనికి నొచ్చుకుంటారని కొందరనుకోవచ్చు. నేననుకోను. జనం నోట్లో నలిగి, తెలుగు విభక్తి తగిలించుకుని, కూలి లెక్కకి పనికొచ్చే మాట ఎక్కడినుంచి వచ్చినా తెలుగే. పీలింగు అంటే ఏమిటో ఆ షెడ్డులో తెలియని మనిషి లేదు. ఆయన పోట్లాడింది తెలియని మాటతో. పిల్లలు ఇంట్లో, వీధిలో వినని గ్రాంథికంలో పరీక్ష రాయమనడం అన్యాయమని పోట్లాడారు. 1907 ప్రాంతంలో ఇన్‌స్పెక్టరు యేట్స్ దొర తెలుగు చదువు తీరు గురించి అడిగిన ప్రశ్న నుంచి ఆ పోరు పుట్టింది. విజయనగరంలో తనతో చదువుకున్న గురజాడ తోడయ్యాడు. 1915లో గురజాడ పోయాక కూడా పంతులుగారు ఆగలేదు. 1919లో 'తెలుగు' అనే పత్రిక పెట్టి, ఊరూరా తిరిగి సభల్లో వాదించారు. పెద్ద పండితులు రాసిన పుస్తకాల్లోంచే వాళ్లు తప్పనుకునే రూపాలు ఏరి చూపించేవారు.

పలాసలో ఇంకో మాట చెప్పక తప్పదు. పంతులుగారు 1940 జనవరి 22న మద్రాసులో కన్నుమూశారు. రెండు నెలలకి, మార్చి 26, 27 తేదీల్లో, ఈ పలాసలో అఖిల భారత కిసాన్ సభ మహాసభలు జరిగాయి. ఇంకో ఐదు రోజులకి, ఏప్రిల్ 1న, మందస జమీందారీలోని గుడారి రాజమణిపురంలో పోలీసులు కాల్పులు జరిపారు. అడవిలో కట్టెలు కొట్టుకునే హక్కు కోసం రైతులు జమీందారుకి ఎదురుతిరిగారు. వాళ్లని పట్టుకుపోవడానికి వచ్చిన పోలీసులకి అడ్డం నిలబడింది సాసుమాన గున్నమ్మ. గర్భిణి అని మా పెద్దలు చెప్పుకునేవారు. ఆమె, ఆమెతో మరికొందరు ఆ తుపాకులకి పోయారు. ఆమెని మేం వీర గున్నమ్మ అంటాం. రైలు మొదలైందీ, రాష్ట్రం చీలిందీ, గున్నమ్మ పడిందీ మూడూ ఏప్రిల్ ఒకటే. ఇందులో అర్థం వెతకను. కానీ చరిత్ర పాఠం చెప్పేటప్పుడు మూడు తేదీలూ ఒకచోట రాస్తే పిల్లలు మర్చిపోరు.

ఇక ఉద్దానం. ఉద్యానమే జనం నోట్లో ఉద్దానమైందని ఆయనకి నేను చెప్పనక్కర్లేదు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఈ మండలాల్లో సముద్రం ఒడ్డునంతా కొబ్బరి, జీడి, పనస. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. మా నాన్న వేసిన కొబ్బరి తోటలో ఆ ఉదయం నిలబడ్డ చెట్లు వేళ్ల మీద లెక్కపెట్టాను. మళ్లీ వేసినవి ఇప్పుడిప్పుడే కాపుకొస్తున్నాయి. ఆ తోట గట్టు మీద పంతులుగారిని కూచోబెట్టి మా అన్నయ్య గురించి చెప్పాలి. ఈ తిరగడమంతా అందుకోసమే.

ఉద్దానంలో కిడ్నీ జబ్బు గురించి దేశమంతా వింది. 1990ల నుంచి డాక్టర్లు గమనిస్తున్నారు. షుగరూ బీపీ లేనివాళ్లకి, ఎండలో పని చేసుకునే మామూలు రైతుకూలీలకి మూత్రపిండాలు చెడిపోతున్నాయి. నీళ్లన్నారు, ఎండన్నారు, మందులన్నారు. ఇదే కారణమని ఒక్కటీ తేలలేదు. మా ఊళ్లో ఇద్దరు కలుసుకుంటే వర్షం గురించి అడిగినట్టే "క్రియాటిన్ ఎంతుంది?" అని అడుగుతారు. బడి ముఖం చూడని ముసలమ్మ కూడా నాలుగు పాయింట్ రెండు, ఆరు పాయింట్ ఎనిమిది అని చెబుతుంది. ఆ మాటా పీలింగులాగే తెలుగైపోయింది. దాని వెనక ఎన్ని చావులున్నాయో ఆలోచిస్తే భయమేస్తుంది.

అన్నయ్యకి డయాలసిస్ మొదలైనప్పుడు ఇక్కడ ఆ సౌకర్యం లేదు. దూరం వెళ్లాలి. ఒకచోట నాలుగు రోజులు ఉంచుకుని పంపిస్తూ కాగితం ఇచ్చారు. అంతా ఇంగ్లీషు. మాత్రల పేర్లు మందుల షాపు అబ్బాయి చదివి చెప్పాడు. కింద రెండు లైన్లున్నాయి. "ఫ్లూయిడ్ రెస్ట్రిక్షన్, లో పొటాషియం డైట్." అప్పుడు నేను బదిలీ మీద వేరే ఊళ్లో ఉన్నాను. వదిన ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి, దేవుడి పటం వెనక దాచింది. అన్నయ్యకి నోరు ఎండిపోయేది. చలవ చేస్తుందని రోజూ తోటలోంచి కొబ్బరి బొండాం కొట్టించుకుని తాగేవాడు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. ఇంటికొచ్చిన చుట్టాలు కూడా బొండాలే తెచ్చేవారు. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువనీ, చెడిపోయిన కిడ్నీ దాన్ని బయటికి పంపలేదనీ, అది పేరుకుంటే గుండె ఆగిపోవచ్చనీ కొబ్బరి తోటల మధ్య బతికే ఆ మనిషికి ఎవరూ చెప్పలేదు. చెప్పామనే అనుకుని ఉంటారు, కాగితం మీద రాశారు కాబట్టి.

సెలవుకి వచ్చి ఆ కాగితం నేను చదివేసరికి మూడు నెలలు గడిచాయి. ఆ మధ్యాహ్నం అన్నయ్య చేతిలో బొండాం ఉంది. నేను లాక్కున్నాను. ఆయన మొహం చిన్నబోయింది. తమ్ముడు తన తోటలో కాయ తనని తాగనివ్వలేదని అనుకున్నాడు పాపం. తరవాత కూచుని విడమర్చి చెబితే, "ఈ ముక్క తెలుగులో రాస్తే వాళ్ల సొమ్మేటి పోయింది?" అన్నాడు. ఇంకో ఏడాది బతికాడు. బొండాల వల్లే పోయాడని నేననను, జబ్బు అప్పటికే ముదిరింది. కానీ "బొండాం తాగకూడదు" అనే రెండు మాటలు ఆ కాగితం మీద ఉంటే ఆ మూడు నెలలూ ప్రాణం మీదకి తెచ్చుకునేవాడు కాదు.

పంతులుగారూ, మీరు గెలిచారు. పత్రికలు మీ భాషలో వస్తున్నాయి, పాఠాలు మీ భాషలో ఉన్నాయి, మీ పుట్టినరోజు మాకు పండగ. గ్రాంథికం లేచి వెళ్లిన పీట మీద మాత్రం ఇంగ్లీషు కూచుంది. బ్యాంకు కాగితం, భూమి కాగితం, ఆస్పత్రి కాగితం. చదవలేని మనిషి తలవంచుకుని సంతకం పెట్టే తీరు మీ కాలంలో ఎలా ఉండేదో ఇప్పుడూ అలాగే ఉంది. ఇది మీకు చెప్పకుండా దండ వేసి పంపించేస్తే నా ఉద్యోగానికి అర్థం లేదు.

ఆయన కాసేపు మాట్లాడరు. తరవాత లేచి, ఆ కాగితాలు ఇచ్చే చోటికి తీసుకెళ్లమంటారు.

పలాసలో 2023 డిసెంబరు 14న రెండు వందల పడకల కిడ్నీ ఆస్పత్రి, పరిశోధనా కేంద్రం తెరిచారు. మంచి పని. ఊళ్లోనే డయాలసిస్ అందుతుంటే అన్నయ్యలాంటివాళ్లు రాత్రిళ్లు రైలు కోసం కాచుకోనక్కర్లేదు. ఆ రోజే ఉద్దానానికి మంచినీళ్ల పథకమూ మొదలైంది. హిరమండలం దగ్గర వంశధార నీళ్లని గొట్టాల్లో ఇక్కడికి తెస్తున్నారు. వంశధార అనగానే పంతులుగారి మొహం వెలుగుతుంది. ఆయన పుట్టిన పర్వతాలపేట ముఖలింగం దగ్గర, ఆ ఏటి ఒడ్డునే. ముఖలింగం గుడి శాసనాలు తనంతట తాను చదవడం నేర్చుకుని, కళింగ గాంగుల రాజధాని కళింగనగరం అదేనని వాదించి రాసిన మనిషి. ఆయన చిన్నప్పుడు ఈదులాడిన ఏరు ఇప్పుడు మా వీధి కుళాయిలోకి వచ్చింది. ఒక గ్లాసు పట్టి ఆయనకిస్తాను.

ఆస్పత్రి వరండాలో బల్ల మీద కూచున్న మందస వైపు ముసలమ్మ నన్ను గుర్తుపట్టి, "మేష్టరు బాబూ, ఈ కాయితంల ఏటి రాసినారో సూడు," అంటుంది. నాకు సరిగా వినపడదు, మిషను ఆయన చెవిలో ఉంది కదా. ఆయన వింటారు. కాగితం తీసుకుని, ఇంగ్లీషు చదివి, ఒక్కొక్క ముక్కే ఆమెని అడుగుతారు. దీన్ని మీరేమంటారమ్మా? కాళ్ల నీరు దిగడాన్ని ఏమంటారు? దాహం ఆపుకోవడాన్ని? ఆమె చెబుతుంది, "ఓలమ్మ, ఇంత పెద్ద బాబుకి ఇదీ తెల్దా" అని ఆశ్చర్యపోతూనే చెబుతుంది. ఆయన ఆ మాటల్నే కాగితం వెనక తెలుగులో రాస్తారు. పక్క బల్ల మీది మనిషి కూడా తన కాగితం పట్టుకుని లేస్తాడు.

సాయంత్రం గుణుపూరు రైలుకి నౌపడాలో ఎక్కించాలి. పర్లాకిమిడిలో దిగుతారో, రైల్లోంచే చూసి వెళ్తారో ఆయన ఇష్టం. ఆయన వెళ్లాక ఆ ఊళ్లో తెలుగు ఆగలేదని మాత్రం ముందే చెప్పి ఉంచుతాను. రైలు కదిలేముందు మిషను తీసి ఇవ్వబోతారు. పెట్టెలో ఒక బల్ల మీద తెలుగు, ఎదర బల్ల మీద ఒడియా, గుమ్మం దగ్గర చీపుళ్ల మోపు మీద కూచున్న పిల్లతో వాళ్లమ్మ ఏదో అంటోంది. పాతపట్నం దాటేదాకా ఉంచుకోండి పంతులుగారూ, అంటాను.